సందేహాలు – సమాధానాలు: ద్రవ్యలోటు ఉన్నచోట ద్రవ్యోల్బణమా?

సందేహం: గురువుగారికి నమస్కారాలు. మాది చిత్తూరు. తిరుపతిలో అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. రాష్ట్ర ప్రభుత్వ రాబడి, ఖర్చు, అప్పుల మీద నా సిద్ధాంతగ్రంథం. దాన్ని తెలుగులోనే రాయాలని పట్టుదలగా ఉంది. మూడుచోట్ల కలం ఆగిపోయింది. పత్రికలు 'ద్రవ్యలోటు' అంటుంటే పాఠ్యపుస్తకాలు 'కోశలోటు' అంటున్నాయి. ఏది రాయాలి? "ద్రవ్యం లోటుగా ఉంటే మళ్లీ ద్రవ్యోల్బణం ఎక్కడిదమ్మా?" అని మా నాన్న అడిగితే నాకు జవాబు తోచలేదు. రెండోది, 'వడ్డి' సరైనదా, 'వడ్డీ' సరైనదా? మూడోది, 'వృద్ధి' అనాలా, 'పెరుగుదల' అనాలా? దయచేసి తెలపగలరు.
– ఒక పరిశోధక విద్యార్థిని, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ సందేహాలన్నిట్లోకీ మీ నాన్నగారిదే పదునుగా ఉంది. డబ్బు చాలక లోటు, డబ్బు ఎక్కువై ఉల్బణం, రెండూ ఒకే పేజీలో పక్కపక్కన అచ్చయితే చదివేవాళ్లు ఏమనుకోవాలి? రెండు వేరువేరు సంగతులకు ఒకే మాట తగిలించినవాళ్లదే ఆ తప్పు.

ద్రవ్యోల్బణంలో ద్రవ్యం అంటే జనం చేతుల్లో తిరిగే డబ్బు. ఉల్బణం అంటే మితిమీరడం. (దీన్ని 'ద్రవ్యోల్భణం' అని రాసేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మాటలో 'భ' లేదు. ధరలు ఉబ్బాయని అక్షరాన్ని కూడా ఉబ్బించాలా?) ద్రవ్యలోటు సంగతి వేరు. ప్రభుత్వం ఏడాదిలో పెట్టే మొత్తం ఖర్చులోంచి పన్నులు, ఇతర రాబడి, అప్పు కాని మూలధన వసూళ్లు తీసేస్తే మిగిలే ఖాళీ అది. ఆ ఖాళీని అప్పు తెచ్చి పూడుస్తారు కాబట్టి, ఆ ఏడాది సర్కారు చేసిన కొత్త అప్పు ఎంత అనడానికి అది ఇంకో పేరు. ఖాళీ అయింది ఖజానా. ఊళ్లో డబ్బుకు ఏమీ కాలేదు. పైగా ఆ అప్పును రిజర్వు బ్యాంకే కొత్త డబ్బు సృష్టించి ఇస్తే లోటే ఉల్బణానికి కారణమూ కావచ్చు. కేంద్ర ప్రభుత్వం విషయంలో 1997 దాకా అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల పేరుతో నడిచిన పద్ధతి అదే. మీ నాన్నగారికి ఈ జవాబు చెప్పండి.

ఇంగ్లీషు 'ఫిస్కల్' మాటకు మూలం లాటిన్ 'ఫిస్కస్'. మొదట డబ్బు పెట్టుకునే బుట్ట, తర్వాత రాజుగారి బొక్కసం. మన 'కోశం' కూడా సంచి, ఒర, బొక్కసం అన్నిటికీ చెల్లే మాట. కనుక కోశలోటు అన్నవాళ్లు ఆలోచించి అన్నారు. 'ద్రవ్యం' మరీ విశాలమైన మాట. పూజాద్రవ్యాలు, సుగంధద్రవ్యాలు అన్నీ ద్రవ్యాలే. తర్కశాస్త్రం వాళ్లు తొమ్మిది ద్రవ్యాలు లెక్కపెట్టారు గానీ వాటిలో రూపాయి లేదు. అలాగని పత్రికలవాళ్ల మీద యుద్ధానికి పోవద్దు. అసెంబ్లీలో, టీ అంగడి దగ్గర, టీవీలో ద్రవ్యలోటే నిలిచిపోయింది. మీరు కోశలోటు అని రాసి, మొదటిసారి వచ్చినచోట 'పత్రికలు ద్రవ్యలోటు అనేది దీన్నే' అని ఒక వాక్యం చేర్చండి. 'విత్తలోటు' అనేవాళ్లూ ఉన్నారు, నేను అడ్డం చెప్పను. మీ గైడు ద్రవ్యలోటే ఉండాలంటే అలాగే ఉంచేయండి, పట్టా ముఖ్యం. కానీ 'ఆర్థిక' రాసేటప్పుడు మాత్రం 'థ' జాగ్రత్త. అర్థం నుంచి ఆర్థికం. 'ఆర్ధిక శాఖ' అని బోర్డు రాయిస్తే అది సగం శాఖ అవుతుంది. కొన్ని లెక్కలు చూస్తే అదే నిజమేమో అనిపిస్తుంది, అది వేరే మాట.

ఇక వడ్డి. మీరు దీర్ఘం ఉందా లేదా అని ఒక్క ముక్క అడిగారు. కానీ ఈ మాట చేతికి దొరికాక నన్ను ఆపడం కష్టం.

సంస్కృతంలో 'వృద్ధి'. ప్రాకృతంలో ఋకారం పోయి, పోతూ పోతూ పక్కనున్న దంత్యాలను (త, ద లాంటివి) మూర్ధన్యాలు (ట, డ లాంటివి) చేసి 'వడ్ఢి' అయింది. పాళీలో కూడా వడ్ఢి అంటే పెరగడం, అప్పు మీద వచ్చే పెరుగుడు, రెండూ. తెలుగు నోటికి ఆ ఒత్తు బరువైంది. వడ్డి మిగిలింది. మృత్తిక మట్టి అయిన దారి కూడా ఇదే. మన కుప్పం మూడు రాష్ట్రాల మొగ. అక్కడి నుంచి కృష్ణగిరి వైపు దిగితే 'వట్టి', కోలారు వైపు పోతే 'బడ్డి'. మాట ఒక్కటే, ఇచ్చేవాడి మొహం కూడా ఒక్కటే.

అసలు 'వృద్ధి'కి వడ్డి అనే అర్థం ఎంత పాతదో చూడండి. పాణిని అష్టాధ్యాయి మొదలయ్యేదే ఆ మాటతో: 'వృద్ధిరాదైచ్'. అది వ్యాకరణంలో వృద్ధి, ఏకైక లాంటి సంధుల్లో మీరు బడిలో చదువుకున్నదే. శాస్త్రం మంగళకరమైన మాటతో మొదలు కావాలని ఆయన ఆ మాటను ముందు పెట్టాడని పతంజలి వివరణ. ఆ పాణినే అయిదో అధ్యాయంలో ఇంకో సూత్రం చెప్పాడు: 'తదస్మిన్ వృద్ధ్యాయలాభశుల్కోపదా దీయతే'. 'ఇంత ముట్టజెప్పాలి' అనే అర్థంలో ప్రత్యయం ఎప్పుడు వస్తుందో చెప్పే సూత్రం. వృద్ధి అంటే వడ్డి, ఆయం అంటే ఊరి మీద రావలసిన రాబడి, లాభం, శుల్కం అంటే సుంకం, ఉపద అంటే లంచం. మీ సిద్ధాంతగ్రంథం విషయసూచిక మొత్తం ఒక్క సూత్రంలో ఇరికించాడు మహానుభావుడు. లంచాన్ని కూడా మొహమాటం లేకుండా వరుసలో నిలబెట్టాడు. మన బడ్జెట్ పుస్తకాల్లో ఆ పద్దు ఒక్కటే కనపడదు.

మనుస్మృతి 'చక్రవృద్ధి, కాలవృద్ధి, కారిత, కాయిక' అని వడ్డి రకాలు చెప్పింది. చక్రవడ్డి అని మనం అంటున్నది ఆ మొదటిదే. అమరకోశం 'కుసీదం వృద్ధిజీవికా' అంది, వడ్డితో బతకడమని. అంటే వడ్డి వ్యాపారికి వృద్ధిజీవి అని చక్కని పేరు ఉండనే ఉంది. బుద్ధిజీవి అనే మాటకు ఉన్న గౌరవం దీనికి దక్కలేదు. పురుటి మైలను వృద్ధి అనేవాళ్లూ ఉన్నారు, అది ఇంట్లో మనిషి పెరిగాడని.

మరాఠీలో 'వాఢణే' అంటే పెరగడం, విస్తట్లో వడ్డించడం కూడా. మన 'వడ్డించు' కూడా ఈ కుటుంబంలోదే అని నా అనుమానం. పందెం కాయమంటే కాయను. కాని 'పన్నుల వడ్డన', 'ఛార్జీల వడ్డన' అని హెడ్డింగులు పెట్టే పాత్రికేయులకు తెలియకుండానే ఆ మాట పుట్టింటికి చేరినట్టుంది.

తిరుపతివాడిని కనుక వడ్డికాసులవాడిని తలవకుండా ఎలా? పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగమంతా వడ్డి కడుతూ, అసలు యుగాంతంలో తీరుస్తానన్నాడని స్థలపురాణం. మొక్కు తీర్చడం ఆలస్యం చేస్తే వడ్డితో సహా రాబట్టుకుంటాడు కాబట్టి ఆ పేరని ఇంకో వాడుక. మొదటి కథలో స్వామి అప్పు తీసుకున్నవాడు, రెండోదాంట్లో ఇచ్చినవాడు. జనం రెంటినీ నమ్ముతారు, గోవిందలు కొడతారు. 'కాసు' గురించి మొదలుపెడితే ఈ పుట చాలదు.

ఇదంతా మీ పరిశోధనకు ఎందుకంటే, 'ఆర్థిక వృద్ధి రేటు', 'వడ్డీ రేటు' అని మీరు పక్కపక్కన పెట్టే రెండు మాటలూ అక్కచెల్లెళ్లు. ఒకటి తత్సమం, ఇంకోటి తద్భవం. ప్రభుత్వ అప్పు అదుపులో ఉంటుందా లేదా అనే లెక్క కూడా ఈ ఇద్దరి మధ్య పోటీయే. 1944లో డోమర్ అనే అర్థశాస్త్రవేత్త చూపించింది ఇదే. రాష్ట్రం ఉత్పత్తి 100 రూపాయలు, అప్పు 30 అనుకోండి. వడ్డి 8 శాతం. పాత అప్పు మీద వడ్డి కట్టడానికి తప్ప కొత్త అప్పు చేయలేదు, అంటే ప్రాథమిక లోటు సున్నా. ఏడాది తిరిగేసరికి అప్పు 32.40 అవుతుంది. ధరల పెరుగుదలతో కలిపి ఉత్పత్తి 11 శాతం పెరిగితే నూటికి 29.2 చొప్పునే అప్పు ఉంటుంది, రూపాయల్లో పెరిగినా నిష్పత్తి తగ్గింది. ఉత్పత్తి 5 శాతమే పెరిగితే అది 30.9కి చేరుతుంది. తత్సమం గెలిస్తే గట్టెక్కుతాం, తద్భవం గెలిస్తే మునుగుతాం. 2003లో కేంద్రం, 2005లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఎఫ్‌ఆర్‌బీఎం (కోశ బాధ్యత, బడ్జెట్ నిర్వహణ) చట్టాలు లోటుకు కళ్లెం వేయాలని చూసింది ఈ భయంతోనే.

ఇంకో హెచ్చరిక. మన ప్రాంతంలో 'రెండు రూపాయల వడ్డి' అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. నోటు మీద 'నెల 1కి నూటికి రు. 2 వంతున వడ్డితో సహా అసలు మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను' అని రాసుకుంటారు. రిజర్వు బ్యాంకు చెప్పే శాతం ఏడాది లెక్క. రైతులను అడిగి సేకరించిన అంకెలు, బ్యాంకు అంకెలు ఒకే పట్టికలో వేసి 'రెండు శాతం' అని తేల్చిన వ్యాసాలు నేను చూశాను. మీరు ఆ పని చేయకండి. ధాన్యం అప్పిచ్చి ధాన్యంగానే వడ్డి తీసుకునే 'నాగు' దొరికితే దానికి వేరే పట్టిక వేయండి.

అడిగింది మరిచానని అనుకోకండి. పాత నిఘంటువులు 'వడ్డి' అంటాయి. దీర్ఘం తర్వాత వచ్చింది. బాకీ, హామీ, హుండీ లాంటి కచేరీ మాటల పక్కన తిరిగి తిరిగి ఇదీ సాగిందని నా ఊహ. నేను హ్రస్వమే రాస్తాను. పైన ఒకచోట 'వడ్డీ రేటు' అన్నానే అంటారా, ఇంగ్లీషు మాటతో జత కట్టినప్పుడు దీర్ఘమే చెవికి బాగుంటోంది, నేనేం చేయను? 'చక్రవడ్డి', 'వడ్డికాసులు' లాంటి సమాసాల్లో మాత్రం దీర్ఘం వద్దు.

మూడోదానికి వస్తే, వృద్ధి అనండి, పెరుగుదల అనండి, రెండూ మనవే. ధరలకు పెరుగుదల, ఉత్పత్తికి వృద్ధి అని ఇప్పుడు వాడుకలో ఒక సర్దుబాటు ఏర్పడింది, అది బాగానే ఉంది. దేశాన్ని ఏలినవాడే రాసిన మాట కావాలంటే కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చూడండి:

"దేశవైశాల్య మర్థసిద్ధికిని మూల
మిల యొకింతైన గుంట కాల్వలు రచించి
నయము పేదకు నరిగోరునను నొసంగి
ప్రబలజేసిన నర్థధర్మములు బెరుగు"

రాజ్యం విశాలంగా ఉంటేనే సంపద కలుగుతుంది నిజమే, కానీ నేల కొంచెమే ఉన్నా గుంటలు, కాలువలు తవ్వించి, పేదరైతుకు అరిలోనూ కోరులోనూ సడలింపు ఇచ్చి నిలబెడితే అర్థమూ ధర్మమూ పెరుగుతాయి. అరి అంటే రొక్కపు పన్ను, పుల్లరిలో ఉన్నది అదే. కోరు అంటే పంటలో పాలు, కోరుకు చేసే రైతులు మన వైపు ఇంకా ఉన్నారు. పెట్టుబడి ఖర్చు, పన్ను రాయితీ, వాటివల్ల రాబడి పెరుగుదల – మీ పరిశోధనలో ఒక అధ్యాయం పట్టే సంగతి తేటగీతిలో ముగిసింది. ఆయన 'వృద్ధి' అనలేదు, 'పెరుగు' అన్నాడు. చాలదా?

నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది: 'రుణాత్మక వృద్ధి'. ఇంగ్లీషువాడు తగ్గుదలను 'నెగటివ్ గ్రోత్' అని మొహమాటంగా అన్నాడని మనం కూడా అదే మెలిక పడాలా? తెలిసినవాడు దాన్ని చదివితే 'రుణం వల్ల అయిన వృద్ధి', అంటే వడ్డి అనుకుంటాడు! పరిశ్రమల ఉత్పత్తి తగ్గింది అంటే పోతుంది. శాస్త్రీయంగా ఉండాలంటే అమరకోశం ఎప్పుడో ఇచ్చింది: 'క్షయః స్థానం చ వృద్ధిశ్చ'. తగ్గితే క్షయం, ఉన్నచోటే ఉంటే స్థానం, పెరిగితే వృద్ధి. 'మెరుగైన పనితీరును కనబరిచింది', 'వృద్ధిని నమోదు చేసింది' కూడా మానేయండి. బాగా నడిచింది, పెరిగింది అంటే మార్కులు తగ్గవు.

మీ ఉత్తరంలో ఒకచోట 'రాష్ట్ర స్థూల దేశీయోత్పత్తి' అని ఉంది. రాష్ట్రం లెక్కలో దేశం ఎందుకు దూరింది? 'రాష్ట్ర స్థూల ఉత్పత్తి' చాలు. గణాంక శాఖవాళ్లు ఒప్పుకోకపోతే జీఎస్‌డీపీ అని తెలుగు అక్షరాల్లో రాసేయండి.