బుడాపెస్ట్ వెళ్లి రండి, పర్సనల్ లోన్ మాత్రం వద్దు

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో మేమిద్దరం గవర్నమెంట్ టీచర్లం. మా అమ్మాయి హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎమ్మెస్ చదువుతోంది. ఆగస్టు 20న డాన్యూబ్ నది మీద బాణసంచా చూడాలి, అప్పుడే రండి అంటోంది. ఏజెంటు నాలుగు దేశాల ప్యాకేజీ తలకు 2.4 లక్షలు చెప్పాడు. మాకు బుడాపెస్ట్ ఒక్కటి చాలు. 13 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుందాం అనుకుంటున్నాం. 7 శాతం వచ్చే 5 లక్షల ఎఫ్‌డీ ఉంది గానీ దాన్ని కదపడం మా వారికి ఇష్టం లేదు. నెలకు 15 వేలు మిగులుతాయి. మా ఆలోచన సరైనదేనా?

జవాబు: ప్రయాణం ఆలోచన బాగుంది మేడమ్, అప్పు ఆలోచనే బాగాలేదు. మీ వారికి నా మాటగా చెప్పండి, ఎఫ్‌డీని కదపకుండానే వాడుకోవచ్చు.

లెక్క చూడండి. ఆ లోన్‌కు ఈఎంఐ సుమారు 10,100. మూడేళ్లలో వడ్డీ ఒక్కటే దాదాపు 64 వేలు, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ఒక పక్క మన డబ్బు 7 శాతానికి బ్యాంకుకిచ్చి, ఇంకో పక్క 13 శాతానికి తెచ్చుకోవడం ఇది. ఎఫ్‌డీ అంటే మన ఇళ్లల్లో బీరువాలోని బంగారంతో సమానం, ముట్టుకోవడానికి మనసొప్పదు. ఆ మమకారం ఖరీదే ఈ 64 వేలు.

దీనికి బదులు ఈ నెల నుంచే నెలకు 15 వేల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ప్రయాణం ఆగస్టులో కాదు, దసరాకి పెట్టుకోండి, ఎందుకో కింద చెబుతాను. దసరాకి ఇంకా ఎనిమిది నెలలుంది, 1.2 లక్షలు చేతికొస్తాయి. మిగతా 1.8 లక్షలకు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీనే హామీగా పెట్టి బ్యాంకు ఇచ్చే అప్పు, తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు. 8 శాతం అనుకుంటే, తిరిగొచ్చాక నెలకు 15 వేల చొప్పున పదమూడు నెలల్లో తీరిపోతుంది. వడ్డీ 8 వేలకు అటూ ఇటూ. ఎఫ్‌డీ ఎక్కడిదక్కడే ఉంటుంది.

లోన్ వద్దనడానికి ఇంకో కారణం వీసా. దరఖాస్తుతో బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇవ్వాలి. ప్రతి నెలా జీతాలు పడే ఖాతాలో ఉన్నట్టుండి 3 లక్షలు కనబడితే, అవెక్కడివన్న అనుమానం వస్తుంది. హంగేరీకి కావాల్సింది షెంజెన్ వీసా, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా అది. దాని ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి వీసా చేతికొచ్చేదాకా రిఫండ్ లేని టికెట్లు కొనకండి. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

దసరా అని ఎందుకన్నానంటే, ఆగస్టు 20 హంగేరీ వాళ్లకు జాతీయ పండుగ. ఆ వారం గది దొరకడమే కష్టం, దొరికినా రేటు మండిపోతుంది. పైగా బడి నడిచే రోజుల్లో మీ ఇద్దరికీ ఒకేసారి సెలవు ఎవరిస్తారు? అమ్మాయి అలిగినా సరే, దసరా సెలవుల్లో వెళ్లండి. ఎనిమిది రోజులకు నా అంచనా: విమానం ఇద్దరికీ 1.4 లక్షలు, వీసా, ఇన్సూరెన్స్ 30 వేలు, బస 52 వేలు, రోజువారీ ఖర్చు 44 వేలు. చేతిలో 30 వేలు అదనంగా ఉంచుకున్నా 3 లక్షలు దాటదు.

అసలు చిల్లు పడేది కరెన్సీ దగ్గర. హంగేరీ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడ నడిచేది యూరో కాదు, ఫోరింట్. రూపాయికి మూడు నుంచి నాలుగు ఫోరింట్లు వస్తాయి. ఇక్కడ యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డు) తీసుకెళ్తే రూపాయి యూరోగా ఒకసారి, యూరో ఫోరింట్‌గా ఇంకోసారి మారుతుంది. రెండుసార్లూ కోతే. మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు కరెన్సీ మార్చినందుకు 3.5 శాతం మార్కప్ చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. అంటే వందకు 4 రూపాయల 13 పైసలు. బస, తిండి కలిపి 96 వేల మీద దాదాపు 4 వేలు. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, ఒకటి ముందే తీసుకుని యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి పెట్టుకోండి.

నేను వెళ్లినప్పుడు ఓ రెస్టారెంట్‌లో వెయిటర్ స్వైపింగ్ మెషిన్ నా వైపు తిప్పాడు. తెరపై రెండు అంకెలు: పైన ఫోరింట్లలో, కింద రూపాయల్లో. మన రూపాయి కనబడగానే ప్రాణం లేచొచ్చి దాన్నే నొక్కాను. గదికొచ్చి లెక్కేస్తే, రేటు మరీ అన్యాయం. అందుకే మీరు ఎప్పుడూ ఫోరింటే నొక్కండి. ఏటీఎం 'మా రేటుకు మార్చమంటారా' అని అడిగినా వద్దనండి, బ్యాంకు రేటే నయం. క్రెడిట్ కార్డుతో క్యాష్ అసలు తీయకండి, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఊళ్లో తిరగడానికి పెద్దగా ఖర్చవదు. 72 గంటల పాస్ కొంటే మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ ఎక్కొచ్చు. 1896 నాటి భూగర్భ మెట్రో ఇప్పటికీ నడుస్తోంది. 2వ నంబర్ ట్రామ్ నది ఒడ్డునే పోతుంది, పడవ షికారుకు డబ్బులు పెట్టేముందు ఓ సాయంత్రం అది ఎక్కండి. విడి టికెట్ కొంటే మాత్రం మెషిన్‌లో పంచ్ చేయాలి, మరిచిపోతే టికెట్ జేబులో ఉన్నా ఫైన్ వేస్తారు. పార్లమెంట్ భవనం లోపల చూడటానికి యూరప్ వాళ్లకో రేటు, మనకు దాని కంటే ఎక్కువ. ఆ ఖర్చు పెట్టండి, నష్టం లేదు. 1913లో కట్టిన సెచేనీ వేడినీటి స్నానశాలకూ టికెట్ గట్టిగానే ఉంటుంది, నచ్చితేనే వెళ్లండి. లాంగోష్ అని అమ్ముతారు, మన పూరీకి పెద్దన్న. వేడిగా వేయించి వెల్లుల్లి, పుల్ల మీగడ, చీజ్ పరుస్తారు. సెంట్రల్ మార్కెట్ మేడ మీద టూరిస్టుల రేటు, అమ్మాయి తినే చోట సగానికే దొరకొచ్చు. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జీ ముందే కలిపి ఉందేమో చూసుకోండి, ఉంటే మళ్లీ టిప్ అక్కర్లేదు.

ఏజెంటు ప్యాకేజీ సంగతి వదిలేయండి. దాని మీద టీసీఎస్, అంటే ముందే వసూలు చేసే ఆదాయపన్ను కూడా కట్టించుకుంటారు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా మీ డబ్బు ప్రభుత్వం దగ్గరే.

విదేశీ ప్రయాణానికి డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి కదా, ఆ దరఖాస్తు ఈ వారమే పెట్టండి. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నిదానంగా కదిలే ఫైలు అదే.