మేష్టారూ, ఒక సందేహం! (ఈసారి: మోల్ లెక్కలు)

ప్రశ్న: మేష్టారూ, డజను అంటే 12, గ్రోసు అంటే 144. బాగానే ఉంది. మోల్ అంటే 6.022 × 10²³ అని బట్టీ పట్టాను గానీ, అన్ని పరమాణువుల్ని ఎవరు లెక్కపెట్టారండీ? ఆ వంకర సంఖ్యే ఎందుకు? మా అమ్మ జీడిపప్పు గ్రేడింగుకి వెళ్తుంది. అడిగితే ‘నాకేటి తెలుసు, మేష్టార్నే అడుగు’ అంది.
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, పలాస

జవాబు: అమ్మకి తెలుసమ్మా, తెలుసని తెలీదంతే. పప్పు డబ్బాల మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది చూడు. 320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 విరగని పప్పులు తూగుతాయని. 180 రకం లావు పప్పు, పౌనుకి 170 నుంచి 180 మాత్రమే. 25 పౌన్ల డబ్బాలో ఎన్ని పప్పులున్నాయో ఎవరూ ముందేసుకుని లెక్కపెట్టరు. 320 రకమైతే ఎనిమిది వేల లోపు అని తూకం చూసే చెప్పేస్తారు.

ఇప్పుడు తిరగేసి అడుగుతాను. రకం ఏదైనా సరే, వెయ్యి పప్పులు కావాలి. 320 రకం సుమారు 1.4 కిలోలు తూచాలి, 180 రకం 2.5 కిలోలు. లెక్క ఒకటే, తూకాలు వేరు. పరమాణువులూ అంతే. వాటి పరమాణు భారాన్నే గ్రాముల్లో తూచి 1 గ్రాము హైడ్రోజన్, 12 గ్రాముల కార్బన్, 56 గ్రాముల ఇనుము తీసుకుంటే మూడింట్లోనూ పరమాణువులు దాదాపు సమానం. అదే మోల్. ఒకే రకం పప్పులో చిన్నాపెద్దా ఉన్నట్టు ఒకే మూలకం పరమాణువుల్లో బరువు తేడా ఉన్న రకాలున్నాయి, వాటినే ఐసోటోపులంటారు. క్లోరిన్ పరమాణు భారానికి 35.5 అనే సగం అంకె వచ్చింది ఆ సగటు వల్లే.

సంఖ్య వంకరగా ఉండటానికి కారణం, దాన్ని ఎవరూ ముందుగా ఎంచుకోలేదు. ముందు ఎంచుకున్నది తూకం. 12 గ్రాముల కార్బన్-12 (కార్బన్ ఐసోటోపుల్లో ఒకటి)లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనుకున్నారు, ఎన్నో తర్వాత కొలిచారు. 2019 మే 20 నుంచి మాత్రం దాన్ని తిప్పేసి, మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ అని ఖాయం చేశారు. ఈ సంఖ్యని అవగాడ్రో సంఖ్య అంటారు. ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో, ఒకే ఉష్ణోగ్రత, పీడనాల్లో సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువులు సమానమనే తన సూత్రం 1811లో చెప్పి 1856లో పోయాడు. అణువుల సైజుకి (దాన్నిబట్టి వాటి సంఖ్య తేల్చొచ్చు) ఆస్ట్రియా శాస్త్రవేత్త లోష్మిట్ అంచనా వేసింది 1865లో. అవగాడ్రో పేరు ఆ సంఖ్యకి పెట్టింది 1909లో ఫ్రెంచి శాస్త్రవేత్త పెర్రిన్. పాపం, తన పేరున్న సంఖ్య ఎంతో ఆయనకే తెలీదు!

ప్రశ్న: ‘2 మెగ్నీషియం + 1 ఆక్సిజన్ → 2 మెగ్నీషియం ఆక్సైడ్’ అని సమీకరణం ఉంది కదండీ. అందుకని 2 గ్రాముల మెగ్నీషియం, 1 గ్రాము ఆక్సిజన్ కలిస్తే 2 గ్రాముల ఆక్సైడ్ వస్తుందని రాశాను. సున్నా వేశారు.
– పదో తరగతి విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: నేనైనా సున్నాయే వేసేవాణ్ణి బాబూ. 2, 1 కలిస్తే 2 ఎలా అయింది? ఆ మిగతా గ్రాము ఎవరు తిన్నట్టు? ద్రవ్యనిత్యత్వ నియమం అక్కడే నిన్ను పట్టుకోవాల్సింది.

సమీకరణం ముందున్న అంకెలు మోల్‌లు, గ్రాములు కావు. మెగ్నీషియం మోల్ 24 గ్రాములు, ఆక్సిజన్ అణువుల మోల్ 32. కాబట్టి 48 గ్రాముల మెగ్నీషియం 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 80 గ్రాముల ఆక్సైడ్ ఇస్తుంది. నీ లెక్కే చేద్దాం. నీ దగ్గరున్న 1 గ్రాము ఆక్సిజన్‌కి ఒకటిన్నర గ్రాముల మెగ్నీషియం చాలు. 2.5 గ్రాముల ఆక్సైడ్ వస్తుంది, అర గ్రాము మెగ్నీషియం మిగిలిపోతుంది. మొత్తం 3 గ్రాములూ లెక్కకొచ్చాయా? ముందుగా అయిపోయిన ఆక్సిజనే ఇక్కడ పరిమిత కారకం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘కాలితే బరువు పెరుగుతుంది చూడండి’ అని పిల్లల ముందు మెగ్నీషియం తీగ పట్టకారుతో పట్టుకుని కాల్చాను. తూస్తే తగ్గింది! తెల్ల పొగంతా ఆక్సైడే కదా, కిటికీలోంచి పోయింది. వెనక బెంచీ నవ్వులు ఇప్పటికీ వినిపిస్తాయి. మర్నాడు కంసాలి దగ్గరికెళ్లి బంగారం కరిగించే మూస ఒకటి, ఆయన బంగారం తూచే త్రాసు ఒకటి అడిగి తెచ్చాను. 0.6 గ్రాముల తీగ మూసలో పెట్టి, మూత వేసి కాల్చాం. గాలి తగలాలని మధ్యమధ్య మూత కొంచెం ఎత్తి, పొగ లేచేలోపు దించేయాలి. 1 గ్రాము రావాలి, 0.94 వచ్చింది. కొంత మెగ్నీషియం గాలిలోని నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది, అది తక్కువ తూగుతుంది. చల్లారాక రెండు నీటి చుక్కలు వేసి మళ్లీ కాలిస్తే అమ్మోనియా వాసన కొట్టి, నైట్రైడ్ కూడా ఆక్సైడ్ అయిపోతుంది. అప్పుడు మూడో బెంచీ అబ్బాయి ఒకడు ముక్కు మూసుకుని ‘గత్తర కంపండీ’ అన్నాడు. వాడి ముక్కుకి మార్కులు వేశాను. మీ సారుని అడిగి ఆయన ఎదురుగానే చెయ్యండి, మండే తీగని కళ్లప్పగించి చూడొద్దు.

ప్రశ్న: ఒక మోల్ వాయువు 22.4 లీటర్లని బడిలో, 22.7 అని ట్యూషన్‌లో చెబుతున్నారు. ఏది రాయాలి?
– ఆమదాలవలస

జవాబు: ఇద్దరూ సరే. సున్నా డిగ్రీల దగ్గర 1 అట్మాస్ఫియర్ పీడనంలో 22.4. ప్రామాణిక పీడనాన్ని 1982లో 1 బార్‌కి మార్చారు, అది అట్మాస్ఫియర్ కన్నా కాస్త తక్కువ, పీడనం తగ్గితే వాయువు ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకని 22.7. ప్రశ్నలో పీడనం ఏ ప్రమాణంలో ఇచ్చారో చూసి రాయి. అయినా ఆమదాలవలసలో సున్నా డిగ్రీలు ఎవరు చూశారు? మే నెలలో 35 డిగ్రీల దగ్గర అదే మోల్ 25 లీటర్లు దాటిపోతుంది.