సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో నాలుగు వరుసల స్తంభాలు ఒకే వరుసగా కనపడాలంటే ఎక్కడ నిలబడాలి?

‘వాటికన్‌లో మైదానం నడిమధ్య ఒబెలిస్క్ (నిలువుటి రాతి స్తంభం) దగ్గర నిలబడి చూశాం, నాలుగు వరుసలూ ఒకటిగా కనపడలేదు’ అని మీరన్నారు. అక్కణ్ణుంచి కనపడవు. ఒబెలిస్క్‌కీ, దానికి అటూ ఇటూ ఉన్న ఫౌంటెన్లకీ మధ్య నేలలో చెరొక గుండ్రటి రాయి ఉంటుంది. ‘చెంత్రో దెల్ కొలొన్నాతో’ అని రాసి ఉంటుంది, అంటే స్తంభాల వరుసకు కేంద్రం. మైదానానికి రెండు పక్కలా స్తంభాల వరుసలు వంపు తిరిగి ఉంటాయి; ఆ రాయి మీద నిలబడి, దగ్గరున్న వంపు వైపే చూడండి. అవతలి వంపుకి అవతలి రాయి.

ఆ మైదానం దీర్ఘవృత్తమనీ, ఆ రాళ్లు దాని నాభులనీ చాలామంది గైడ్లు చెబుతారు. అది సరికాదు. చెరో పక్కా ఉన్నది వృత్తంలో ఒక ముక్క, రాయి ఆ వృత్తానికి కేంద్రం. ఈ మైదానాన్ని రూపొందించిన బెర్నీనీ రెండు వంపుల్లో మొత్తం 284 స్తంభాలను ఆయా కేంద్రాల నుంచి బండిచక్రం ఆకుల్లా గీసిన గీతల మీద నిలబెట్టాడు. అందుకే ముందుదాని చాటున వెనక మూడూ దాక్కుంటాయి. ఆకులు బయటికి పోయేకొద్దీ దూరందూరమవుతాయి కదా, స్తంభాలన్నీ ఒకే లావుంటే వెనక వరుసలో సందులు వెడల్పైపోతాయి. అందుకని వెనక్కి వెళ్లేకొద్దీ స్తంభాల లావు పెంచాడు. అసలు పనితనం ఇక్కడుంది.

రాయి మీద నుంచి పక్కకి రెండడుగులు వేస్తే చాలు, వెనకవి తొంగిచూస్తాయి. స్తంభాల వైపు తిన్నగా నడిస్తే ఎదురుగా ఉన్న ఒక్క గీత మాత్రం నిలుస్తుంది, మిగతావన్నీ చెదురుతాయి. మనిషి పొడుగూ పొట్టీతో పనిలేదు. బుధవారం పోప్ సభ ఆరుబయట జరిగితే మైదానమంతా కుర్చీలే, రాయి వాటి కింద పడిపోవచ్చు. వేరే రోజు పొద్దున్నే వెళ్లండి.

1656లో బెర్నీనీ పని మొదలుపెట్టేసరికి ఒబెలిస్క్ (1586లో నిలబెట్టారు), అంతకుముందు వాస్తుశిల్పి మదెర్నో కట్టిన ఫౌంటెన్ అప్పటికే ఉన్నాయి. ఒబెలిస్క్‌ని కదపకుండా, ఆ ఫౌంటెన్‌కి జోడీగా రెండోది పెట్టించి ఈ లెక్క కుదిర్చాడు. మైదానాన్ని తూర్పున మూసేందుకు అనుకున్న మూడో స్తంభాల కట్టడం మాత్రం కట్టనేలేదు.

1936 నుంచి ఇళ్లు కూల్చి వేసిన వియా దెల్లా కొంచిలియాజియోనె అనే వెడల్పాటి వీధి మీదుగా వస్తే అంతా దూరం నుంచే కనపడిపోతుంది. నన్నడిగితే ఆ దారి వద్దు. ఒత్తవియానో మెట్రోలో దిగి పోర్తా ఆంజెలికా వీధి పట్టుకుని స్తంభాల మధ్య నుంచి లోపలికి రండి. నీడలోంచి ఒక్కసారిగా వెలుతుర్లో పడతారు.