షుగర్ ఉన్నవాళ్లకు పిక్కలు, చేతివేళ్లు పట్టేస్తుంటే ముందు ఏం చూడాలి? నా అనుభవం

అమ్మా, మీ అమ్మగారికి 58 ఏళ్లనీ, తొమ్మిదేళ్లుగా షుగర్ ఉందనీ రాశారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి ఏడుస్తూ లేస్తున్నారనీ, పొద్దున్నే చేతివేళ్లు వంకర్లు పోతున్నాయనీ చెప్పారు. అందరూ అరటిపండు పెట్టమంటున్నారు, మందుల షాపులో నరాల బిళ్లలు ఇచ్చారు, ఇవి వాడొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. తెనాలిలో ఇంటి దగ్గరే మిషను కుడతాను. షుగర్ వచ్చి పదమూడేళ్లయింది. కాళ్లూ చేతులూ రెండూ పట్టేసి ఏడాదిన్నర పాటు నరకం చూశాను కాబట్టి మీ ప్రశ్న చదివాక ఊరుకోలేకపోయాను.

మొదటిసారి వచ్చిన రాత్రి ఇప్పటికీ గుర్తుంది. ఎండాకాలం. రెండున్నర ప్రాంతంలో ఎడమ పిక్కలో రాయిలా గడ్డ లేచింది. పాదం దానంతటదే కిందికి వంగిపోయి, బొటనవేలు పక్క వేలి మీదికి ఎక్కేసింది. మా ఆయన బామ్ రాయబోతే చెయ్యి కూడా తగలనివ్వలేదు. తెల్లవారాక కూడా పిక్క పచ్చిపుండులా నొప్పి. మెట్లు దిగలేకపోయాను.

అలాంటప్పుడు గట్టిగా రుద్దడం కంటే సాగదీయడం బాగా పనిచేస్తుంది. మోకాలు వంచకుండా కాలు చాపి, పాదాన్ని తన వైపుకు లాక్కోవాలి. చెయ్యి అందకపోతే తువ్వాలు పాదం కిందుగా వేసి రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగాలి. అర నిమిషం అలా ఉంచితే గడ్డ కరుగుతున్నట్టు తెలుస్తుంది. లేవగలిగితే గోడ పట్టుకుని, మడమ నేలకు ఆనించి ఆ కాలి మీద బరువు వేసి నిలబడొచ్చు. నా తలగడ పక్కన ఇప్పటికీ ఓ పాత తువ్వాలు ఉంటుంది. మీ అమ్మగారి మంచం మీద ఈ రోజే ఒకటి పెట్టించండి.

వేడినీళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మా పిన్నికి షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది. ఆ సంగతి తనకే తెలియదు. పిక్కలు పట్టేశాయని బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. తనకి గోరువెచ్చగానే అనిపించిందట. సాయంత్రానికి రెండు పాదాలూ బొబ్బలు. ఆ పుళ్లు మానడానికి మూడు నెలలు పట్టింది. నీళ్ల వేడి మీ అమ్మగారి పాదంతో కాదు, ఇంట్లో షుగర్ లేనివాళ్లు చేత్తో చూడాలి.

ఇక అసలు విషయం. షుగర్ ఉన్న మనిషి కాళ్లు నొప్పి అనగానే "నరాల బలహీనత" అనేస్తారు. నేనూ అదే నమ్మి ఎనిమిది నెలలు ఎర్ర బిళ్లలు మింగాను. ఏ నొప్పి ఏదో విడదీసి చూడకపోవడమే నేను చేసిన తప్పు. మీ అమ్మగారిని కూర్చోబెట్టి నిదానంగా అడగండి. కండ గట్టిగా గడ్డకట్టి, కొద్ది నిమిషాల్లో వదిలేస్తోందా? అది పట్టేయడం. అరికాళ్లు మండుతూ, సూదులు గుచ్చినట్టు, దూది మీద నడుస్తున్నట్టు ఉంటే అది నరాలు దెబ్బతిన్న లక్షణం. ఓ ఫర్లాంగు నడిచేసరికి పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే వస్తోందంటే రక్తనాళం సన్నబడిందేమో చూపించుకోవాలి.

ఈ మూడోది తేలిగ్గా తీసుకోవద్దు. మా బావగారు చుట్ట కాల్చేవారు, షుగర్ కూడా ఉంది. మార్కెట్‌కి వెళ్లేదారిలో రెండుచోట్ల ఆగేవారు. వయసు కదా అనుకున్నాం. చివరికి కాలి చిటికెనవేలు నల్లబడ్డాక గుంటూరు తీసుకెళ్లాం. అక్కడ చేతికీ చీలమండకీ బీపీ కొలిచి రెండూ పోల్చి చూశారు. ఆ లెక్క 0.9 కన్నా తక్కువుంటే కాలికి రక్తం సరిగా అందట్లేదని అర్థమట. ఆయనకి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ పరీక్షకి సూది గుచ్చే పని కూడా లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ముందే చేయించి ఉంటే అన్న బాధ మాకింకా పోలేదు.

నా సంగతికొస్తే, మా అమ్మాయి పోరు పడలేక వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు నా మందుల కవరంతా బల్ల మీద పోయించారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారు?" నాలుగైదుసార్లు అన్నాను. అప్పటికి నా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 9.4 శాతం. రక్తంలో షుగర్ అంత ఎక్కువున్నప్పుడు అది మూత్రంలో పోతూ తనతోపాటు నీళ్లనీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియంలనీ లాక్కుపోతుందని చెప్పారు. దానికితోడు నా బీపీ బిళ్లలో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంది. మళ్లీ మళ్లీ లేవాలని నేను సాయంత్రం నుంచి నీళ్లే తాగేదాన్ని కాదు. పోయేది ఎక్కువ, పోసేది తక్కువ అయ్యేసరికి కండ ఎండిపోక ఏమవుతుంది!

రక్తపరీక్షలో బీ12 విటమిన్ కూడా బాగా తక్కువని తేలింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అది తగ్గిపోవడం మామూలేనట, అందుకే అప్పుడప్పుడు చూపించుకోవాలన్నారు. నా అరికాళ్ల తిమ్మిరికి అదీ ఓ కారణం. ఇంజక్షన్లు ఇచ్చారు, బీపీ బిళ్ల మార్చారు, షుగర్ మందు సరిచేశారు. ఇవన్నీ ఆవిడ మార్చినవే, నేను సొంతంగా ఒక్క బిళ్ల కూడా ఆపలేదు. మీ అమ్మగారు కొలెస్ట్రాల్‌కి బిళ్ల వాడుతుంటే అదీ చెప్పండి, కొందరికి దానివల్ల కండరాల నొప్పులు వస్తాయి. థైరాయిడ్ పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా అడగండి.

ఇంకొకటి. పట్టేసి లేచినప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే వెంటనే మీటరుతో షుగర్ చూడాలి. ఓ రాత్రి నాకు 62 వచ్చింది. రాత్రి బిళ్ల వేసుకుని సరిగా తినలేదు. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. మగతగా ఉండి మింగలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చేతుల సంగతి వేరు. నాదీ అక్కడే ఎక్కువ ఆలస్యమైంది. జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయేది. ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పి కత్తెర బయటికి తీసుకునేదాన్ని. పట్టుగుడ్డ ఎక్కడ అడ్డంగా తెగుతుందోనని ఒకటే టెన్షన్. కాళ్లకి ఇచ్చిన మందులతో చేతులు పెద్దగా తగ్గలేదు. డాక్టరమ్మ నన్ను నమస్కారం పెట్టమన్నారు. పెట్టాను. రెండు అరచేతుల మధ్య, వేళ్ల దగ్గర, పెన్సిలు పట్టేంత సందు! ఎంత నొక్కినా వేళ్లు ఒకదానికొకటి ఆనలేదు. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువుంటే చేతి చర్మం, కీళ్ల చుట్టూ ఉండే పొరలు బిరుసెక్కిపోతాయట. దానికి ఫిజియోథెరపీ నేర్పారు. రోజూ రెండుపూటలా గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి, అరచెయ్యి బల్లకు ఆనించి మెల్లగా నొక్కుతాను. సందు పూర్తిగా పోలేదు కానీ ఇప్పుడు కత్తెర జారదు.

అదికాక బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి రాత్రి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూస్తారు. అలాంటప్పుడు రాత్రి పూట మణికట్టు వంగకుండా పట్టీ ఇస్తారు. ముడిచిన వేలు టక్కున మాత్రమే విచ్చుకుంటోందంటే అది ఇంకో రకం. ఇవేవీ నరాల బిళ్లలతో పోవు.

అరటిపండు గురించి అడిగారు. ఓ మోస్తరు పండులో 25 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది. అన్నం తిన్నాక మందులా రోజూ పెడితే షుగర్ పెరిగి, మళ్లీ మూత్రం, మళ్లీ పట్టేయడం. కొబ్బరినీళ్లలో కూడా పొటాషియం బాగా ఉంటుంది, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అదే ప్రమాదం. క్రియాటినిన్ చూశాకే అవి. తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్‌ఎస్ అనుకుని నేనూ తాగాను. అసలు ఓఆర్‌ఎస్ కాని వాటి మీద ఆ పేరు వేయొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలు కూడా ఇచ్చింది. మెగ్నీషియం బిళ్లల సంగతి ఫార్మసీ చదివిన మా అమ్మాయి చూసి చెప్పింది. 2020లో కాక్రేన్ అనే సంస్థ పాత పరిశోధనలన్నీ కలిపి చేసిన సమీక్షలో పెద్దవయసువాళ్ల పట్టేయడానికి వాటితో చెప్పుకోదగ్గ ఉపయోగం ఉండకపోవచ్చని తేలిందట. రక్తంలో నిజంగా తక్కువుంటే డాక్టరే రాస్తారు.

ఇప్పుడు నేను పగలంతా మిషను పక్కనే సీసా పెట్టుకుని నీళ్లు తాగుతాను, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ. గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తాను. పడుకునే ముందు గోడకు చేతులు ఆనించి, మడమలు నేల మీద ఉంచి, ముందుకు వాలి పిక్కలు సాగదీస్తాను, ఒక్కో కాలికి మూడుసార్లు. మూడు నెలల షుగర్ 7.1కి దిగింది. వారానికి నాలుగుసార్లు వచ్చేది, ఇప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి వస్తోంది.

ఒక్క కాలే వాచి, ఎర్రగా వేడిగా ఉన్నా, పాదం చల్లబడి రంగు మారినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి. లేకపోతే ఈ వారంలోనే మందులన్నీ ఓ సంచిలో వేసుకుని చూపించండి. వెళ్లేముందు అమ్మగారి చేత ఒకసారి నమస్కారం పెట్టించి, పక్కనుంచి ఫోటో తీసి ఉంచుకోండి. వేళ్ల మధ్య సందు కనిపిస్తే ఆ ఫోటో డాక్టరుకు చూపించండి.