టెక్ సందేహాలు: లాక్ పడగానే ఫోన్ ఎందుకు మొండికేస్తోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే దాదాపు అందరిదీ ఒకటే గోల. స్క్రీన్ వెలుగుతున్నంతసేపు అన్నీ బాగానే ఉంటాయి, ఫోన్ జేబులో పెట్టాక ఏదో ఒకటి ఆగిపోతుంది. కొందరైతే విసుగొచ్చి ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టేశారట, అన్నీ మళ్ళీ పెట్టుకుని చూస్తే మళ్ళీ అదే కథ. అవ్వదు మరి, పాడైంది ఏదైనా ఉంటే కదా రీసెట్‌కి బాగయ్యేది. లాక్ ఏమో మీ డేటా కోసం, పవర్ సేవింగ్ ఏమో ఛార్జింగ్ కోసం, రెండూ వాటి పని అవి చేస్తుంటాయి, మధ్యలో మన పని ఆగుతుంది. అందుకని ముందు ఈ రెండింట్లో ఏది ఆపిందో తేల్చుకోండి.

దానికి నేను చేసే పరీక్ష చాలా సింపుల్. ఛార్జర్ పెట్టి, స్క్రీన్ ఆపి, ఓ గంట ఫోన్ జోలికి వెళ్ళకండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు పని జరిగి, వైరు పీకాక జరగట్లేదంటే అది బ్యాటరీ పొదుపు చేసిన పనే, ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో డోజ్ అనే బ్యాటరీ పొదుపు నిద్ర ఛార్జింగ్‌లో ఉండగా మొదలవ్వదు. ఛార్జర్ ఉన్నా జరగకుండా, పిన్ కొట్టిన క్షణంలోనే జరిగితే లాక్ వైపు చూడాలి. నూటికి నూరుపాళ్ళు కాదు గానీ చాలాసార్లు దారి దొరుకుతుంది.

ప్రశ్న: లాక్‌లో ఉన్నంతసేపు వాట్సాప్ మెసేజ్‌లు రావట్లేదు. ఫోన్ తెరవగానే ఇరవై ముప్పై ఒక్కసారే టకటకా పడుతున్నాయి. నెట్ స్పీడు బాగానే ఉంది. ఏం చెయ్యాలి?

ముందు ఇంకొకరి ఫోన్ నుంచి మీకో మెసేజ్ పంపించి, ఆ పంపిన ఫోన్‌లో టిక్కులు చూడండి. మీ ఫోన్ లాక్‌లో బల్ల మీద ఉండాలి, అరగంట సేపు ముట్టుకోకుండా వదిలేశాక పంపాలి, ఇప్పుడే వాడి పక్కన పెట్టిన ఫోన్ మీద చేస్తే ఏమీ తేలదు. ఒక టిక్కు దగ్గరే ఆగి, మీరు లాక్ తీశాక రెండోది పడిందంటే మెసేజ్ మీ ఫోన్ దాకా రాలేదు. రెండు టిక్కులూ వెంటనే పడ్డాయి కానీ మీ దగ్గర చప్పుడు లేదంటే మెసేజ్ వచ్చేసింది, నోటిఫికేషన్ సెట్టింగో, డునాట్ డిస్టర్బో అడ్డుపడింది. ఈ రెండో రకం వాళ్ళు బ్యాటరీ సెట్టింగులు మార్చుకుంటూ రోజులు గడిపేస్తుంటారు, అందుకే ముందు టిక్కులు చూడమంటున్నా.

ఒక టిక్కు దగ్గరే ఆగిందనుకుందాం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో డోజ్ మొదలైంది. ఫోన్ ఛార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆఫ్‌లో కాసేపు ఉంటే యాప్‌లకి నెట్ ఆపేస్తుంది, మధ్యమధ్యలో కొద్దిసేపు తలుపు తీసి పెండింగ్ పనులు కానిచ్చుకోమంటుంది, ఫోన్ అలాగే పడుంటే ఆ తలుపు తీసే వ్యవధి పెరుగుతూ పోతుంది. ఆండ్రాయిడ్ 7లో దీనికే కాస్త మెతక రకం ఒకటి చేర్చారు, అది ఫోన్ జేబులో కదులుతున్నా పనిచేస్తుంది. అయితే చాట్ యాప్‌లు గూగుల్ పుష్ సర్వీసు (సర్వర్ నుంచి ఫోన్‌కి మెసేజ్ తోసే ఏర్పాటు) ద్వారా అర్జెంట్ అని ముద్ర వేసి మెసేజ్ పంపగలవు, డోజ్‌లో ఉన్నా ఆ ముద్ర ఉంటే యాప్‌ని కాసేపు లేపుతుంది. కాబట్టి అచ్చమైన డోజ్ మీ వాట్సాప్‌ని గంటలకొద్దీ ఆపకూడదు. ఆపుతోందంటే దాని పైన ఇంకేదో ఉందన్నమాట.

ఆ ఇంకేదో సాధారణంగా ఫోన్ కంపెనీ సొంతంగా తగిలించిన బ్యాటరీ మేనేజరే. శాంసంగ్‌లో అయితే బ్యాటరీ సెట్టింగుల్లో స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ అని రెండు లిస్టులుంటాయి, డీప్ స్లీపింగ్‌లో పడ్డ యాప్ మీరు తెరిస్తే తప్ప లేవదు, అందులోంచి తీసేసి నెవర్ ఆటో స్లీపింగ్ అనే మూడో లిస్టులో పెట్టండి. షావోమీ ఫోన్లలో ఆటోస్టార్ట్ అనే స్విచ్ వేరేగా ఉంటుంది, దాంతోపాటు యాప్ బ్యాటరీ సేవర్‌లో నో రిస్ట్రిక్షన్స్ పెట్టాలి, రెంట్లో ఒకటే చేస్తే మీ శ్రమ వృథా. మిగతా ఫోన్లలో యాప్ ఐకాన్ నొక్కిపట్టి, యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. డేటా సేవర్ ఆన్‌లో ఉంటే అందులో కూడా వాట్సాప్‌కి మినహాయింపు ఇవ్వండి.

ఇంకొకటి, ఇది అలవాటు సంగతి. కొంతమంది ఫోర్స్ స్టాప్ (సెట్టింగుల్లోంచి యాప్‌ని బలవంతంగా ఆపేయడం) కొట్టడం ఆరోగ్యానికి మంచిదన్నట్టు రోజూ కొడుతుంటారు. ఫోర్స్ స్టాప్ చేసిన యాప్‌కి మీరు మళ్ళీ చేత్తో తెరిచేదాకా పుష్ మెసేజ్‌లు అందవు, అర్జెంట్ ముద్ర ఉన్నా సరే. ర్యామ్ క్లీనర్లు, బూస్టర్లు ఉంటే తీసిపారేయండి, మీరు చెయ్యకపోయినా మీ పేరు మీద వాటిలో కొన్ని చేస్తుంటాయి.

ప్రశ్న: రాత్రి ఫోన్ బాగానే ఉంది. పొద్దున లేచేసరికి ఒక్క వాట్సాప్ మెసేజ్ లేదు, మిస్డ్ కాల్స్‌లో పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి, వేలిముద్ర కూడా తీసుకోలేదు. పిన్ కొట్టాక అన్నీ వచ్చేశాయి. ఎవరైనా హ్యాక్ చేశారా?

లేదండి, కంగారు పడకండి. ఈ ప్రశ్న నాకు భలే నచ్చింది ఎందుకంటే మీరు రాసిన మూడు లక్షణాలూ కలిపి చూస్తే జవాబు ఒకటే, రాత్రి మీ ఫోన్ రీస్టార్ట్ అయింది. అప్‌డేట్ వేసుకుని తనంతట తానే అయ్యుంటుంది, చాలా ఫోన్లు మనం నిద్రపోయే టైమే చూసుకుంటాయి.

ఫోన్‌లో డేటా అంతా తాళంలో ఉంటుంది, ఆ తాళంచెవి మీ పిన్‌తో ముడిపడి ఉంటుంది. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి పిన్ కొట్టేదాకా ఫోన్‌కి కూడా ఆ డేటా కనపడదు. అందుకే మీ కాంటాక్ట్స్ చదవలేక పేరు బదులు నంబరు చూపించింది, వాట్సాప్ తన చాట్లు తనే తెరవలేక ఊరుకుంది. ఐఫోన్‌లో కూడా ఇంతే. ఆండ్రాయిడ్ 7 నుంచి డైరెక్ట్ బూట్ అని ఒక ఏర్పాటు ఉంది కాబట్టి కాల్స్, ఎస్సెమ్మెస్, ఫోన్‌తో వచ్చిన అలారం లాంటి కొన్ని ముఖ్యమైనవి మాత్రం పిన్ కొట్టకముందే పనిచేస్తాయి. వేలిముద్ర, ముఖం మాత్రం రీస్టార్ట్ తర్వాత ఎప్పుడూ మొదట పనికిరావు, పిన్ కొట్టాల్సిందే. రీస్టార్ట్ అవ్వకపోయినా ఆండ్రాయిడ్ అప్పుడప్పుడూ, కనీసం 72 గంటలకోసారి పిన్ అడుగుతుంది. ఐఫోన్ 48 గంటలు తెరవకుండా వదిలేస్తే పాస్‌కోడ్ అడుగుతుంది.

రాత్రిపూట అర్జెంట్ మెసేజ్‌ల కోసం ఎదురుచూసే పరిస్థితి ఉంటే ఆటోమేటిక్ అప్‌డేట్, షెడ్యూల్డ్ రీస్టార్ట్ రెండూ ఆపుకుని, మెలకువగా ఉన్నప్పుడు మీరే చేసుకోండి. లాక్ పూర్తిగా తీసేస్తే పోలా అని ఇంకొకాయన అడిగారు. పోతుంది, ఫోన్‌తో పాటు మీ బతుకంతా పోతుంది.

ప్రశ్న: వాకింగ్ యాప్‌లో నేను నడిచిన దారి మ్యాప్ మీద గీతలా సూటిగా వస్తోంది. చెరువు మధ్యలోంచి, ఇళ్ళ మీదుగా నడిచినట్టు చూపిస్తోంది!

మీరు పంపిన మ్యాప్ చూసి నవ్వాగలేదు, మన్నించాలి. అయితే ఆ బొమ్మలోనే జవాబు ఉంది. బయల్దేరిన చోట ఓ యాభై అడుగులు దారి వంకర టింకరగా ఒరిజినల్‌గానే ఉంది, అక్కడ మీరు ఫోన్ చేతిలో పట్టుకుని చూసుకుంటూ నడిచారు. తర్వాత జేబులో పెట్టారు, అక్కణ్ణుంచి సూటి గీత. మధ్యలో ఒకచోట మళ్ళీ కొంచెం వంకర వచ్చింది, అక్కడెవరో ఫోన్ చేసి ఉంటారు, స్క్రీన్ వెలిగింది, యాప్‌కి ప్రాణం లేచొచ్చింది. స్క్రీన్ ఆగినప్పుడల్లా లొకేషన్ అందక, చివరి చుక్కకీ తర్వాతి చుక్కకీ మధ్య యాప్ స్కేలు పెట్టి గీసేసింది.

బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది ఆన్‌లో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు స్క్రీన్ ఆఫ్ అయినప్పుడు లొకేషన్ ఇవ్వవు. నడకకి వెళ్ళేముందు ఆపండి, వచ్చాక పెట్టుకోండి. ఆ తర్వాత యాప్ బ్యాటరీ సెట్టింగ్ అన్‌రిస్ట్రిక్టెడ్ చెయ్యండి. లొకేషన్ పర్మిషన్‌లో ప్రెసైజ్ అనే స్విచ్ కూడా ఆన్‌లో ఉండాలి, అది లేకపోతే మీరు ఏ పేటలో ఉన్నారో తెలుస్తుంది గానీ ఏ రోడ్డు మీదున్నారో తెలీదు. నడుస్తున్నంతసేపు పైన నోటిఫికేషన్ బార్‌లో యాప్ నోటిఫికేషన్ కదలకుండా ఉంటుంది చూశారా, అది చిరాకని ఆపేయకండి, రికార్డింగ్ నడుస్తోందని మీకు అదే గుర్తు.

ప్రశ్న: వీడియో కాల్ వస్తే రింగ్ మాత్రం వినపడుతుంది, లాక్ స్క్రీన్ మీద ఎత్తడానికి బటనే రాదు.

అది పర్మిషన్ గొడవ. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫుల్ స్క్రీన్ నోటిఫికేషన్ (లాక్ ఉన్నా తెరంతా పరుచుకునేది) అనేది కాల్స్, అలారం యాప్‌లకే మామూలుగా ఇస్తున్నారు, స్పెషల్ యాప్ యాక్సెస్‌లో ఆ యాప్‌కి ఆన్ చేసుందో లేదో చూడండి. షావోమీలో అదర్ పర్మిషన్స్ అని వేరే పేజీ ఉంటుంది, అందులో షో ఆన్ లాక్ స్క్రీన్ ఆన్ చెయ్యాలి.

ప్రశ్న: ఐఫోన్‌లో స్క్రీన్ 30 సెకన్లకే ఆరిపోతోంది, ఆటో లాక్ మారుద్దామంటే నొక్కనివ్వట్లేదు. ఫొటోలు కూడా ఐక్లౌడ్‌కి ఎక్కట్లేదు.

బ్యాటరీ గుర్తు పసుపు రంగులో ఉందా? అయితే లో పవర్ మోడ్‌లో ఉన్నారు. అందులో ఆటో లాక్ 30 సెకన్లకి బిగిసిపోతుంది, ఐక్లౌడ్ ఫొటోస్ ఆగుతుంది, మెయిల్ దానంతటది తెచ్చుకోవడం ఆగుతుంది. ఛార్జింగ్ 80 శాతం దాటితే దానంతటదే ఆఫ్ అవుతుంది, లేకపోతే సెట్టింగ్స్‌లో బ్యాటరీలోకెళ్ళి మీరే ఆపండి.

ప్రశ్న: కేబుల్‌తో కంప్యూటర్‌కి పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ ఫైల్స్ కనపడట్లేదు. కేబుల్ మార్చాలా?

ముందు లాక్ తియ్యండి. తీశాక పైనుంచి నోటిఫికేషన్ లాగితే యూఎస్‌బీ అని ఉంటుంది, అందులో ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కండి. లాక్‌లో ఉన్న ఫోన్ దొరికినవాడు కేబుల్ తగిలించి అన్నీ లాగేసుకోకూడదనే ఇదంతా. ఐఫోన్‌లోనైతే 2018లో ఐఓఎస్ 11.4.1 నుంచి, లాక్ పడి గంట దాటితే కేబుల్ ద్వారా డేటా బంద్. ఇదంతా చేసినా కనపడకపోతే అప్పుడు కేబుల్ మార్చండి, కొన్ని కేబుళ్ళు ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు.

ప్రశ్న: స్క్రీన్ ఆపగానే యూట్యూబ్‌లో పాట ఆగిపోతోంది. ఏ సెట్టింగ్?

ఏ సెట్టింగూ కాదు, ప్రీమియం కట్టలేదు కాబట్టి.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసిన అలారం యాప్ ఒక్కోరోజు మోగుతుంది, ఒక్కోరోజు మోగదు. మీరేం వాడతారు?

నేనూ ఒకప్పుడు ముచ్చటపడి లెక్కలు చేస్తేనే ఆగే అలారం యాప్ ఒకటి పెట్టుకున్నా. ఓ రోజు తెల్లవారుజామున ప్రయాణం ఉంది, ఎండ ముఖం మీద పడి లేచా, చూస్తే ఫోన్ నిశ్శబ్దంగా ఉంది, లాక్ తీసి ఆ యాప్ ముట్టుకోగానే అప్పుడు మొదలెట్టింది మోత, పదమూడు ఇంటూ ఏడు ఎంత అని అడుగుతూ. నా ఫోన్‌లోని బ్యాటరీ మేనేజరు రాత్రే దాన్ని పడుకోబెట్టేసింది. ఆండ్రాయిడ్‌లో అలారం గడియారం కోసమని ప్రత్యేకంగా ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతిలో పెట్టిన అలారం డోజ్‌లో ఉన్నా టైముకి మోగుతుంది, ఫోన్‌తో వచ్చిన క్లాక్ యాప్ అదే వాడుతుంది. బయటి యాప్‌లు కూడా వాడొచ్చు, మంచివి వాడతాయి కూడా, కానీ ఫోన్ కంపెనీ బ్యాటరీ మేనేజరు ఆ యాప్‌నే ఆర్పేస్తే ఆ అలారం కూడా పోతుంది, పైగా రాత్రి ఫోన్ రీస్టార్ట్ అయితే పైన చెప్పిన తాళం కథ ఉండనే ఉంది. అందుకని ఇప్పుడు ఫోన్‌తో వచ్చిన క్లాకే వాడుతున్నా. లెక్కల యాప్ కూడా ఉంది, దాన్ని పది నిమిషాలు లేటుగా పెడతా.