చైనా పార్టనర్ చుట్టాల అకౌంట్ల నుంచి పెట్టుబడి పంపుతానంటే తీసుకోవచ్చా?

మీ సింగపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాటా కోసం షెంజెన్ పార్టనర్ రెండున్నర లక్షల డాలర్లు తనూ ఇంకో నలుగురు చుట్టాలూ తలా 50 వేలు చొప్పున పంపుతానన్నాడని అడిగారు కదా, దయచేసి ఒప్పుకోకండి. నేను సింగపూర్‌లోనే కంపెనీ సెక్రటరీ పనిలో ఉన్నా, ఇలాంటి ఫైళ్లు చాలానే చూశా.

చైనాలో మనిషికి ఏడాదికి 50 వేల డాలర్లు కొనుక్కునే కోటా ఉన్న మాట నిజమే, కానీ అది చదువు, టూర్లు, వైద్యం లాంటి వాటికి. 2017 నుంచి డాలర్లు కొనేటప్పుడే బ్యాంకు వాళ్లు ఒక ఫారం మీద ఒప్పుకోమంటారు, దేశం బయట ఇల్లు కొననూ షేర్లలో పెట్టనూ అని, అది ఒప్పుకుంటేనే పని ముందుకెళ్తుంది. అంటే ఆ ఐదుగురూ అబద్ధం రాసిచ్చి పంపినట్టే. పైగా ఐదుగురు వరస రోజుల్లో ఒకే అకౌంట్‌కి పంపితే దాన్ని ముక్కలు చేసి పంపడం కిందే లెక్కేస్తారు, పేర్లు వాచ్ లిస్టులో పడితే ఆ ఏడాదీ తర్వాత రెండేళ్లూ కోటా వాడుకోనివ్వరు, ఫైన్ అయితే పంపిన దాంట్లో 30 శాతం దాకా, కేసు పెద్దదైతే ఇంకా ఎక్కువ.

ఇది ఆయన తలనొప్పి, మనకెందుకు అనుకోకండి. నేను చూసిన ఒక కంపెనీలో చైనా ఫౌండర్ డబ్బు ఇలాగే వచ్చింది, రెండేళ్లు ఎవరూ అడగలేదు, తీరా కొత్త ఇన్వెస్టర్ లాయర్లు ఈ డబ్బు చైనా నుంచి ఏ రిజిస్ట్రేషన్ మీద బయటికొచ్చింది, కాగితం చూపించండి అన్నారు, చూపించడానికి ఏమీ లేదు, ఆ పెట్టుబడి రౌండ్ అక్కడే ఆగిపోయింది. బాధ పడింది మిగతా ఫౌండర్లు, వాళ్ల తప్పేమీ లేదు పాపం.

చైనా విదేశీ మారకం శాఖ సర్క్యులర్ 37 అని ఒక రూల్ 2014లో వచ్చింది, దాన్ని చూపించి వ్యక్తిగా పెట్టొచ్చు అని కొందరు ఏజెంట్లు చెప్తారు. అది ముఖ్యంగా చైనాలో తన కంపెనీ ఉన్నవాళ్లు దానికి బయట హోల్డింగ్ కంపెనీ పెట్టుకునేందుకు, మీ కేసుకి అతకదు.

సరైన దారి ఆయన చైనా కంపెనీ పేరు మీద పెట్టడమే. ముందు వాళ్ల ప్రావిన్స్ లేదా సిటీ డీఆర్‌సీలో (అభివృద్ధి, సంస్కరణల కమిషన్) ఫైలింగ్, తర్వాత కామర్స్ శాఖ సర్టిఫికెట్, ఆ రెండూ పట్టుకుని బ్యాంకులో ఫారెక్స్ రిజిస్ట్రేషన్, అప్పుడే డబ్బు కదులుతుంది. రూల్ ప్రకారం పూర్తి ఫైల్ తీసుకున్నాక మొదటిదానికి 7 పనిదినాలు, రెండోదానికి 3, కానీ ప్రశ్నలూ జవాబులతో నెలలు పడుతుంది, అగ్రిమెంట్‌లో గడువు అలాగే పెట్టుకోండి. హోటళ్లు, రియల్ ఎస్టేట్, సినిమా, స్పోర్ట్స్ క్లబ్బులైతే 2017 ఆగస్టు నుంచి గట్టి ఆంక్షలున్నాయి, మీది సాఫ్ట్‌వేర్ కాబట్టి ఆ గొడవ లేదు.

హైదరాబాద్‌లో కూడా ఆఫీసు పెట్టి సింగపూర్ కంపెనీ నుంచి డబ్బు దింపుతామన్నారు, అక్కడ సరిహద్దు దేశాల పెట్టుబడుల మీద భారత ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రెస్ నోట్ 3 అనే రూల్ ఉంది, చైనా వాటాదారు వెనక ఉంటే కేంద్రం అనుమతి అడగొచ్చు, ఆయనకి ఎంత శాతం ఇవ్వాలో తేల్చుకునే ముందే మీ సీఏతో మాట్లాడండి.

ఇవాళే ఆయన్ని ఒకటి అడగండి, కంపెనీకి పోయినేడాది ఆడిట్ అయిన లెక్కలున్నాయా అని. దీనికోసమే కొత్తగా ఖాళీ కంపెనీ పెడతానంటే ఫైలింగ్ దగ్గరే ఆపేస్తారు, అప్పుడు వేరే ఇన్వెస్టర్‌ని చూసుకోండి.