పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నీచె అనే ఇంటిపేరు ఎక్కడిది?

ప్రశ్న: తత్వవేత్త ఫ్రీడ్రిక్ నీషే తనను పోలెండు ప్రభువంశీకుడినని చెప్పుకున్నట్లు ఈమధ్య చదివాను. ఆయన ఇంటిపేరు నిజంగా పోలిష్ పేరేనా? దాని అర్థం ఏమిటి? తెలుగులో కొందరు నీషే అనీ, మరికొందరు నీట్షే అనీ రాస్తున్నారు. ఏది సరైనదో కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర అడిగిన ఉచ్చారణతోనే మొదలుపెడతాను. దాన్ని పట్టుకుంటే మిగిలిన రెండు ప్రశ్నలకూ దారి దొరుకుతుంది. జర్మన్లు ఈ పేరును రెండు అక్షరాలుగా పలుకుతారు. మొదటిది దీర్ఘమైన ‘నీ’. ఊనిక దాని మీదే ఉంటుంది. రెండవది ‘చిలుక’లో వినిపించే తాలవ్య చకారం. దాని వెంట ఎకారానికీ అకారానికీ నడుమ తేలిపోయే చిన్న అచ్చు ఒకటి ఉంటుంది. కనుక మూలానికి అన్నింటికంటే దగ్గరగా ఉండే రాత ‘నీచె’. సంస్కృతంలోని ‘నీచ’ శబ్దం స్ఫురిస్తుందన్న సంకోచంతోనే మన రచయితలు దీనికి దూరంగా ఉన్నారేమోనని నాకు అనిపిస్తుంది. నీషే అన్న రూపం తెలుగులో స్థిరపడిపోయింది కనుక దాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది పేరు పుట్టుక గురించి కాబట్టి ఈ జవాబులో ‘నీచె’ అనే వాడతాను.

ఇప్పుడు జర్మన్ రాత చూడండి. ఎన్, ఐ, ఇ, టి, జెడ్, ఎస్, సి, హెచ్, ఇ అని మొత్తం తొమ్మిది అక్షరాలు. ఇందులో నడుమనున్న అయిదు హల్లులూ కలిసి ఒక్క చకారాన్నే పలికిస్తున్నాయి. జర్మన్‌లో టి, జెడ్ కలిస్తే మన ‘చలి’, ‘చాప’ మాటలలోని దంత్య చకారం వస్తుంది. ఎస్, సి, హెచ్ మూడూ కలిస్తే షకారం వస్తుంది. ఒకదాని పక్కన ఒకటిగా పేర్చిన ఈ గుంపు జర్మనీ అంతటా కనబడదు. ఇది తూర్పు జర్మనీలోని సాక్సనీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల గుర్తు. లైప్‌జిగ్ నగరంలోని లాయిచ్ అనే పేట, ఆ నగరానికి ఉత్తరాన ఉన్న డేలిచ్ పట్టణం, ఈ రెండింటి రాతలోనూ ఇదే గుంపు ఉంటుంది. దక్షిణాన కొండల దగ్గరి చోపావ్ పట్టణం పేరు మొదట టి లేకుండా మిగిలిన నాలుగు అక్షరాలూ ఉంటాయి. అక్కడి స్లావిక్ పేర్లలోని ధ్వనులకు సరిపోయే అక్షరం లాటిన్ లిపిలో లేకపోవడంతో, జర్మన్ లేఖకులు చెవికి వినబడినదాన్ని ఇలా అక్షరాలు కూర్చి రాసుకున్నారు. అందుచేత ఒక ఇంటిపేరులో ఈ అయిదు అక్షరాలూ వరుసగా కనబడితే, ఆ కుటుంబం పూర్వం ఎల్బే, జాలె నదుల ప్రాంతానికి చెందినదై ఉండవచ్చునని చాలావరకు ధైర్యంగా ఊహించవచ్చు.

ఇక అర్థం సంగతి. నీచె అనేది నికోలస్ అనే క్రైస్తవ నామానికి ముద్దుపేరు. గ్రీకులో నికే అంటే విజయం, లావోస్ అంటే జనం. ఆ రెండూ కలిసిన పేరు నికోలావోస్. నాలుగవ శతాబ్దంలో మైరా నగరానికి బిషప్పుగా ఉన్న సెయింట్ నికోలస్ పేరు మీద ఇది వ్యాపించింది. 1087లో ఆయన అస్థికలను ఇటలీలోని బారీ రేవుకు తరలించిన తరువాత పశ్చిమ ఐరోపాలోనూ ఆయన పట్ల భక్తి బాగా పెరిగి, ఊరూరా పిల్లలకు ఆ పేరు పెట్టుకోవడం మొదలైంది. అంత పొడుగు పేరును రోజూ పిలవడం కష్టం కనుక జనం దాన్ని కుదించుకున్నారు. కొందరు తోక మిగిల్చి క్లౌస్ అన్నారు. మరికొందరు తల మిగిల్చి నికెల్, నిక్లస్ అన్నారు. స్లావిక్ భాషల ప్రభావం ఉన్నచోట ‘ని’ని మాత్రం ఉంచుకుని దానికి ముద్దు ప్రత్యయం తగిలించారు. అలా వచ్చినవే నిచె, నిచ్‌కె, నీచె వంటి రూపాలు. పిలుపుపేరు తరువాతి తరాలకు ఇంటిపేరుగా నిలిచిపోయింది కనుక, నీచె అంటే ‘నికోలస్ గారి ఇంటివాడు’ అని చెప్పుకోవచ్చు. ప్రభువంశం ఊసు అందులో ఎక్కడా లేదు.

స్లావిక్ ప్రత్యయం ఉన్నది గదా, మరి పోలిష్ పేరు కాదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఆ తత్వవేత్తతో సహా. సాక్సనీలో జర్మన్ మాట్లాడేవారు స్థిరపడకముందు అక్కడ ఉన్నవారు సోర్బులు అనే స్లావిక్ ప్రజలు. 929లో జర్మన్ రాజు మొదటి హెన్రీ ఎల్బే ఒడ్డున మైసెన్ కోట కట్టించాడు. పన్నెండు, పదమూడు శతాబ్దాలలో ఫ్రాంకోనియా, తురింగియా, ఫ్లాండర్స్ వంటి చోట్ల నుంచి రైతులు వచ్చి అడవులు నరికి పల్లెలు కట్టుకున్నారు. ఆ తరువాత ఎన్నో తరాలపాటు రెండు భాషలవారూ ఇరుగుపొరుగున బతికారు. సోర్బియన్ భాష నేటికీ బౌట్సెన్, కోట్‌బుస్ పరిసరాలలో సజీవంగా ఉంది. అలాంటి నేలలో ముద్దుపేర్లు పెట్టే పద్ధతి ఒక భాష నుంచి మరొక భాషలోకి పాకడం సహజమే. దీనికి నాకు అన్నింటికంటే బలమైన సాక్ష్యంగా తోచేది ఫ్రిచె అనే మరొక సాక్సన్ ఇంటిపేరు. దాని మూలం ఫ్రీడ్రిక్ అనే అచ్చమైన జర్మన్ పేరు, తోక మాత్రం నీచె తోకే. అంటే ఆ ప్రాంతంలో జర్మన్ మాట్లాడేవారు తమ సొంత పేర్లకు సైతం ఈ ప్రత్యయాన్ని తగిలించుకునేవారు. కనుక ఈ తోకను బట్టి ఆ కుటుంబం ఏ నేల మీద బతికిందో చెప్పగలం గాని, ఏ రక్తమో చెప్పలేం.

తత్వవేత్త మాత్రం మరోలా నమ్మారు. నీయెట్‌స్కీ అనే పోలిష్ ప్రభువంశం మతకారణాల వల్ల స్వదేశం విడిచి వచ్చిందనీ, తాము వారి సంతతి అనీ ఇంట్లో చెప్పుకునే ఒక కథను ఆయన గట్టిగా పట్టుకున్నారు. 1888లో రాసిన ‘ఎచ్చె హోమో’ అనే ఆత్మకథలో తాను కల్తీలేని పోలిష్ ప్రభువునని సగర్వంగా ప్రకటించుకున్నారు. తన కాలపు జర్మన్ సమాజంతో ఆయనకు పొసగకపోవడం ఆ నమ్మకానికి బలం పోసి ఉంటుందని నా అభిప్రాయం. అయితే ఆయన తల్లివైపు బంధువైన మాక్స్ ఓలర్ తరువాతి కాలంలో చర్చి పుస్తకాలు గాలించి వంశవృక్షం తయారు చేసినప్పుడు, పూర్వీకులందరూ జర్మన్ పేర్లవారే అని తేలింది. ఆయన పుట్టినది 1844 అక్టోబరు 15న, లైప్‌జిగ్‌కు నైరుతి దిక్కున లుట్సెన్ దగ్గరి రోకెన్ పల్లెలో. తండ్రి కార్ల్ లుడ్విగ్ ఆ పల్లె చర్చిలో పాస్టరు. తాత ఫ్రీడ్రిక్ ఆగస్ట్ లుడ్విగ్ (1756–1826) లైప్‌జిగ్‌కు ఈశాన్యంగా ఉన్న ఐలెన్‌బుర్గ్‌లో పాస్టర్ల మీద పర్యవేక్షకుడు. ఈ ఊళ్లన్నీ పైన చెప్పిన అయిదు హల్లుల గుంపు విరివిగా కనబడే ప్రాంతంలోనివే. ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో, కుటుంబం కూడా ఆ చుట్టుపక్కలే కనబడుతోంది.

ప్రశ్న: ఇదే పేరుకు జర్మనీలో రెండు మూడు రకాల రాతలు ఉన్నాయని విన్నాను. వాటిలో తత్వవేత్త కుటుంబం రాసుకునే రూపం ఎందుకంత అరుదు? ఒక ఇంటిపేరు గలవారు ఎందరున్నారో, ఎక్కడున్నారో జర్మనీలో ఎలా లెక్కిస్తారు? ఆ తత్వవేత్త వారసులు ఇప్పుడు ఉన్నారా?
– మరొక పాఠకుడు

జవాబు: రాతలో తేడాలకు మొదటి కారణం పాస్టరు చేతిలోని కలం. పౌర కార్యాలయాలు రాకముందు జననం, వివాహం, మరణం నమోదయ్యేది ఊరి చర్చి పుస్తకంలో. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించడానికి వచ్చిన రైతు తన ఇంటిపేరు నోటితో చెప్పేవాడు. పాస్టరు తనకు వినబడినట్లు రాసుకునేవాడు. ‘నీ’ దీర్ఘంగా వినబడితే ఐ పక్కన ఇ చేర్చేవాడు, పొట్టిగా వినబడితే వదిలేసేవాడు. చకారానికి ఒకరు అయిదు అక్షరాలు వాడితే మరొకరు నాలుగుతో సరిపెట్టేవారు. ఒకే మనిషి పేరు పెళ్లినాడు ఒకలా, సమాధినాడు మరొకలా రాసి ఉండటం ఆ పుస్తకాలు చూసేవారికి అలవాటైన విషయమే. పైగా ఆ రాత కుర్రెంట్ అనే పాత గొలుసుకట్టు లిపిలో ఉంటుంది. అందులో ఇ, ఎన్ అక్షరాలు రెండూ దాదాపు ఒకేలాంటి నిలువు గీతలు. తరువాత ఎత్తి రాసేవారికి ఆ చిన్న ఇ కనబడకుండా పోవడం ఎంత సులువో ఊహించండి.

ఈ కదలికకు అడ్డుకట్ట వేసింది చట్టం. ప్రష్యాలో 1874 అక్టోబరు 1 నుంచి, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1 నుంచి జననమరణాల నమోదు ప్రభుత్వ కార్యాలయాల చేతికి వచ్చింది. ఆనాటికి ఏ కుటుంబం పేరు ఏ రాతలో ఉంటే అదే చట్టబద్ధమైన పేరుగా గడ్డకట్టింది. మాయర్ అనే ఒక్క పేరు నాలుగైదు రాతలలో నేటికీ కొనసాగడానికి కారణం ఇదే. 1901లో జర్మన్ వర్ణక్రమాన్ని సంస్కరించినప్పుడు కూడా ఇంటిపేర్ల జోలికి వెళ్లలేదు. దీర్ఘానికి ఇ, చకారానికి అయిదు అక్షరాలు, ఈ రెండూ ఒకే చోట కలిసిన రాత ఆ గడ్డకట్టిన నాటికి కొద్ది కుటుంబాల్లోనే ఉంది. అందుకే నిచె అని పలికే రెండు పొట్టి రూపాలు గలవారు వేలల్లో ఉండగా, తత్వవేత్త కుటుంబపు రాత అరుదుగా మిగిలింది.

లెక్కింపు విషయానికి వస్తే, భాషాశాస్త్రజ్ఞులు ఆశ్రయించినది టెలిఫోన్ జాబితాను. ఫ్రైబుర్గ్, మైన్జ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొన్‌రాడ్ కున్‌ట్సె, డమారిస్ న్యూబ్లింగ్ సంపాదకత్వంలో 2009 నుంచి 2018 వరకు ఏడు సంపుటాలుగా వెలువడిన జర్మన్ ఇంటిపేర్ల పటసంపుటికి ఆధారం 2005 నాటి స్థిర టెలిఫోన్ల జాబితా. ఆ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. తూర్పు జర్మనీలో 1990కి ముందు చాలా ఇళ్లకు ఫోను ఉండేది కాదు. ఆ తరువాతి కాలంలో మొబైల్ ఫోన్లు విస్తరించి, జాబితాలో పేరు ఉంచుకునేవారు తగ్గిపోయారు. ఆ రెండు కాలాల నడుమ దేశమంతా ఇంచుమించు సమానంగా నమోదై ఉన్న కాలం అది. ఒక ఫోను అంటే ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. కనుక ఆ సంఖ్యను ఇంటికి సగటున ఉండే మనుషుల సంఖ్యతో గుణించి జనాభాను అంచనా వేస్తారు. అందులో మొదటి స్థానం ముల్లర్‌ది, రెండవది ష్మిట్‌ది.

పటం చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఉత్త సంఖ్యలు చూస్తే ప్రతి ఇంటిపేరూ బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్ నగరాల్లోనే ఎక్కువగా కనబడుతుంది, ఎందుకంటే జనం ఎక్కువగా ఉన్నది అక్కడ. ఆ జిల్లా జనాభాలో నూటికి ఎంత అని చూసినప్పుడే అసలు ఊరు బయటపడుతుంది. అలా చూసినప్పుడు జెడ్ ఉన్న నిచె రూపం సాక్సనీలో చిక్కగా కనబడుతుంది. జెడ్ లేని నిచె సంగతి వేరు. దాని పాత నెలవు సాక్సనీకి తూర్పున ఉన్న సైలీషియా. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 1945లో సైలీషియాలో అధికభాగం పోలెండుకు దక్కింది. అక్కడి జర్మన్లలో అత్యధికులు ఇళ్లు వదిలి పశ్చిమానికి వెళ్లవలసి వచ్చింది. వారితోపాటే ఆ పేరు బవేరియా, వెస్ట్‌ఫాలియా వంటి దూర ప్రాంతాలకు చెదిరిపోయింది. సాక్సనీ నుంచి కూడా వలస తక్కువేమీ కాదు. 1949 నుంచి 1961లో బెర్లిన్ గోడ లేచేదాకా తూర్పు జర్మనీని విడిచి వెళ్లినవారు దాదాపు 27 లక్షల మంది. ఈ రెండు వలసలను లెక్కలోకి తీసుకోకుండా నేటి పటాన్ని మాత్రమే చూసి ఒక పేరు పుట్టినచోటు తేల్చకూడదు.

పేరు తరుగుదలకు మరొక కారణం వివాహచట్టం. 1900లో అమలులోకి వచ్చిన జర్మన్ పౌరస్మృతి ప్రకారం భార్యకు భర్త ఇంటిపేరే వచ్చేది. ఆడపిల్లలు మాత్రమే ఉన్న ఇంట్లో పేరు ఆ తరంతో ముగిసేది. ముల్లర్ వంటి పేరుకు ఇది పట్టదు గాని కొద్ది ఇళ్లలోనే ఉన్న పేరుకు ప్రాణాంతకం. 1976లో చేసిన మార్పుతో దంపతులు భార్య ఇంటిపేరును కూడా ఎంచుకునే వీలు కలిగింది. 2025 మే 1 నుంచి ఇద్దరి పేర్లనూ కలిపి జంటపేరుగా పెట్టుకోవచ్చు. సోర్బియన్ స్త్రీలు తమ సంప్రదాయం ప్రకారం ఇంటిపేరుకు స్త్రీలింగ ప్రత్యయం చేర్చుకునే హక్కు కూడా అదే చట్టం ఇచ్చింది. నీచె వంటి పేర్లకు తోకనిచ్చిన ప్రాంతపు భాషకు ఇంతకాలానికి దక్కిన ఆ గుర్తింపు నాకు ఎంతో సంతోషం కలిగించింది.

చివరిగా వారసుల మాట. తత్వవేత్తకు పెళ్లి కాలేదు, సంతానం లేదు. తమ్ముడు లుడ్విగ్ జోసెఫ్ రెండేళ్లు నిండకుండానే 1850 జనవరిలో కన్నుమూశాడు. చెల్లెలు ఎలిజబెత్ 1885లో బెర్న్‌హార్డ్ ఫోర్‌స్టర్‌ను పెళ్లాడి, ఆయన మరణించాక తన పుట్టింటి పేరును చేర్చుకుని ఫోర్‌స్టర్-నీచెగా ప్రసిద్ధురాలైంది. ఆమెకూ పిల్లలు లేరు. 1935లో ఆమె మరణంతో ఆ పాస్టరు ఇంటి శాఖ ఆగిపోయింది. తల్లిదండ్రులు, ఆ అన్నాచెల్లెళ్లు రోకెన్ చర్చి గోడ పక్కనే ఉన్నారు. అయితే ఐలెన్‌బుర్గ్ తాతగారికి రెండు వివాహాల ద్వారా చాలామంది పిల్లలు. కాబట్టి నేడు జర్మనీలో నీచె అనే పేరున్న మనిషి తారసపడితే ఆయన తత్వవేత్త మనవడో మునిమనవడో కావడం సాధ్యం కాదు. తాతగారి మరొక శాఖవాడు కావచ్చు, లేదా మరో పల్లెలోని మరో నికోలస్ సంతతివాడు కావచ్చు. రెండింటిలో ఏదో తేల్చుకోవాలంటే 1876కు ముందు ఆయన పూర్వీకులున్న ఊరు ఏదో కనుక్కుని, అక్కడి చర్చి పుస్తకం తెరవాలి. ఒక్క నీచె అన్న రాత కోసమే కాకుండా, నిచె అని రాసిన పుటలన్నీ కూడా ఓపికగా చూసుకోవాలి.